లోడు మీద బిగించాల్సిన బోల్టు

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లకు పైగా లారీల కమాను కట్టలు కట్టారు. విరిగిన ఆకు తీసి, కొత్తది పేర్చి, సెంటర్ బోల్టు దూర్చి, యు బోల్టులు ఎక్కించి బండిని పంపేముందు డ్రైవరుకు ఒకటే మాట చెప్పేవారు: ‘సరుకెక్కించుకుని ఒక ట్రిప్పు తిరిగి రా, లోడు మీద ఇంకోసారి బిగిస్తా.’ ఆ రెండోసారికి డబ్బు పుచ్చుకునేవారు కాదు. అయినా తిరిగొచ్చేవాళ్లు తక్కువ. రానివాళ్ల బండ్లు కొన్ని నెలలకే సెంటర్ బోల్టు తెగి, ఇరుసు పక్కకు జరిగి, మళ్లీ మా షెడ్డుకే చేరేవి.

నేను పదహారేళ్లుగా డెట్రాయిట్ శివారులో ఉంటున్నాను. నా గ్యారేజీలో 2007 మస్టాంగ్ జీటీ కారు ఉంది. నీలం రంగు, అయిదు గేర్ల మాన్యువల్, 4.6 లీటర్ల వి8, కంపెనీ లెక్కన 300 హార్స్‌పవర్. ఆరేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా ఇంటికి పెద్ద దూరంలో లేని ఫ్లాట్‌రాక్ ఫ్యాక్టరీలోనే పుట్టిందది. ఆ బండి వెనక భాగానికి నేను చేసిన చెరుపు, దాన్ని సరిదిద్దుకోవడానికి పట్టిన రెండేళ్లు నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు మిగిల్చాయి. బండ్లు మార్పించుకునే కుర్రాళ్లు ఇక్కడా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు కాబట్టి వాటిని రాస్తున్నాను.

ముందు ఆ బండి అడుగు భాగం సంగతి. నా మస్టాంగ్ లాంటివాటిని మజిల్ కార్లంటారు. అంటే క్లుప్తంగా, మధ్యతరహా బండిలో పెద్ద ఇంజను. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఈ వరస మొదలైందని చాలామంది చెబుతారు. ఈ బండ్లలో ఎక్కువవాటి వెనక ఇరుసు మన లారీ ఇరుసుకు తమ్ముడే: రెండు చక్రాల మధ్య ఒకే గట్టి హౌసింగ్, నడుమ డిఫరెన్షియల్. ఒక చక్రం గుంటలో పడితే రెండోది కూడా దానితో పాటు వంగుతుంది. 1964లో వచ్చిన మొదటి మస్టాంగ్ వెనక ఉన్నవి కమాను కట్టలే. మా నాన్నకు ఫొటో చూపిస్తే పేరు చెప్పకుండానే గుర్తుపట్టారు. 1979లో కమాన్లు పోయి చుట్ట స్ప్రింగులు, ఇరుసును బాడీకి కలిపే నాలుగు ఆర్ములు వచ్చాయి. 2005 మోడల్‌కు వచ్చేసరికి కింద రెండు ఆర్ములు, పైన ఒకటి, ఇరుసు పక్కలకు జరగకుండా అడ్డంగా పాన్‌హార్డ్ బార్ అనే కడ్డీ. 2015లో అన్ని మస్టాంగులకూ వెనక రెండు చక్రాలూ విడివిడిగా కదిలే సస్పెన్షన్ వచ్చింది.

అంటే నా బండి పాత పద్ధతి చివరి తరానిది. ఆ 2005 మోడల్‌కు చీఫ్ ఇంజనీరు హావ్ థాయ్-టాంగ్. సైగాన్‌లో పుట్టి, 1975లో కుటుంబంతో అమెరికాకు వచ్చిన మనిషి. ధర అదుపులో ఉండాలని, డ్రాగ్ రేసుల వాళ్లు గట్టి ఇరుసునే ఇష్టపడతారని ఆ పాత పద్ధతిని ఉంచారు. దీన్ని పిసినారితనం అన్నవాళ్లున్నారు. బండి కింద పడుకుని ఇన్ని గంటలు గడిపాక నేను ఆ మాట అనలేను. అక్కడ ప్రతి రబ్బరు ముక్క వెనకా ఎవరో కూర్చుని ఆలోచించారు.

నాకున్న ఇబ్బంది ఒక్కటే. ఆగి ఉన్న బండిని గట్టిగా లాగిస్తే వెనక టైర్లు పట్టి, వదిలి, మళ్లీ పట్టి, సీటు కింద ఎవరో సమ్మెటతో దబదబా బాదుతున్నట్టు ఉండేది. వీల్ హాప్ అంటారు దీన్ని. టైరు రోడ్డును వెనక్కి తన్నినప్పుడు ఇరుసు ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపును బాడీకి అందించేవి కింది ఆర్ములు. అదే క్షణంలో హౌసింగ్ ముక్కు పైకి లేవబోతుంది, దాన్ని పై ఆర్ము పట్టి ఆపుతుంది. ఈ ఆర్ముల కొసల్లో ఉన్న రబ్బరు బుష్‌లు ఆ బలానికి నొక్కుకుపోతాయి. నొక్కుకున్న రబ్బరు స్ప్రింగులాంటిదే, టైరు జారగానే ఇరుసును వెనక్కి తన్నేస్తుంది. టైరు మళ్లీ పడుతుంది, రబ్బరు మళ్లీ నొక్కుకుంటుంది. సెకనులో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. క్రౌన్ పళ్లు, యాక్సిల్ షాఫ్టులు విరిగేది ఇలాంటప్పుడే.

ఈ ఒక్క జబ్బుకు నేను కొన్న మందు పూర్తి కిట్. భాగాలు అమ్మే ఒక దుకాణంవాళ్లకు ఫోన్ చేస్తే, ‘ఎలాగూ విప్పుతున్నారు కదా, అన్నీ ఒకేసారి వేసేయండి’ అన్నారు. బండిని ఒకటిన్నర అంగుళాలు కిందికి దించే స్ప్రింగులు, రెండు కొసలా రబ్బరుకన్నా గట్టిదైన పాలీయురెథేన్ బుష్‌లున్న కింది ఆర్ములు, లోహపు బంతి కీలున్న పై ఆర్ము. దాదాపు 900 డాలర్లు. పెట్టె విప్పితే ఎర్ర పౌడర్ కోటింగ్‌తో తళతళలాడుతున్నాయి. బిగించే తీరు చెప్పే కాగితం ఉంది. ఏది మారిస్తే ఇంకేది మారుతుందో చెప్పే కాగితం లేదు.

పాత బోల్టులు ఊడదీయడమే ఒక శనివారమంతా పట్టింది. డెట్రాయిట్ నగరం అడుగున 1,100 అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. చలికాలం మంచు కరగడానికి ఇక్కడి రోడ్లన్నిటి మీదా ఉప్పు చల్లుతారు. పదిహేను చలికాలాల ఉప్పునీరు తాగిన బోల్టు, బుష్ లోపలి గొట్టంతో కలిసి తుప్పుపట్టి ఒకే లోహమైపోతుంది. రాత్రంతా తుప్పు వదిలించే నూనె పోసి ఉంచినా రెండు బోల్టులు కదల్లేదు. రంపంతో కోయాల్సి వచ్చింది. ఇక్కడొక మాట: జాకీ బండిని ఎత్తడానికే. కింద దూరాలంటే బాడీ కింద స్టాండ్లు ఉండాలి, ఇరుసుకు వేరే ఆసరా ఉండాలి. ఆర్ములు ఒక్కో పక్క ఒక్కోటే విప్పాలి. పై ఆర్ము తీసేముందు డిఫరెన్షియల్ ముక్కు కింద జాకీ పెట్టాలి, లేకపోతే హౌసింగ్ మొత్తం గిరుక్కున తిరుగుతుంది.

ఇదంతా జాగ్రత్తగానే చేశాను. చివర్లో, బండి ఇంకా స్టాండ్ల మీదే ఉండగా, చక్రాలు గాల్లో వేలాడుతుండగా, టార్క్ రెంచితో ప్రతి బోల్టునూ బిగించేశాను.

మొదటి వారం బండి చూడ్డానికి బాగుంది. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. హైవే మీద 65 మైళ్ల వేగంలో సన్నటి ఈల. వెనక సీట్లో కూర్చున్న మా అమ్మాయి, ‘నాన్నా, ఎవరో కుక్కర్ పెట్టారు’ అంది. స్పీడ్ బ్రేకర్ దాటితే మంచం కిర్రుమన్నట్టు చప్పుడు. వాన పడ్డ రోజు మలుపులో వెనక భాగం ఏ హెచ్చరికా లేకుండా పక్కకు జారింది. అది నన్ను నిజంగా భయపెట్టింది, ఎందుకంటే ఆ రోజు కూడా అమ్మాయి వెనకే ఉంది. ఒక పక్క టైరు లోపలి అంచు ఏదో రాచుకుంటోంది. ఇంత చేసినా వీల్ హాప్ తగ్గిందే తప్ప పోలేదు.

ఆగస్టు మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995 నుంచి ఉన్న ఆనవాయితీ. ఆ ఏడు అక్కడ 1970 షెవెల్ కారు పక్కన మడత కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఉద్యోగమంతా ఛాసిస్ విభాగంలో చేసి రిటైరైన మనిషి. నా గోడంతా విని, ‘ఈ భాగాలు కొనకముందు నీ బండిలో నీకు నచ్చనిదేమిటి?’ అని అడిగారు. వీల్ హాప్ అన్నాను. ‘మరి స్ప్రింగులెందుకు మార్చావు?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన తన షెవెల్ కింద టార్చి వేసి చూపించారు. ఆ కాలపు కింది ఆర్ములు మూడు పక్కల రేకు, నాలుగో పక్క ఖాళీ. ఎఫ్41 సస్పెన్షన్ ఆప్షన్ తీసుకున్న బండ్లకు జనరల్ మోటార్స్ వాళ్లే ఆ నాలుగో పక్క కూడా మూసి, ఆర్మును పెట్టెలా చేసి ఇచ్చారు. కారణం? ఆ ఆప్షన్‌తో మలుపుల్లో బండి ఒరుగు తగ్గించే వెనక స్వే బార్ వస్తుంది, అది ఆ ఆర్ములకే బిగుస్తుంది, తెరిచి ఉన్న రేకు ఆ మెలికకు ఆగదు. ఒకటి చేర్చినందుకు రెండోది మార్చారు. ఫ్యాక్టరీ అంత క్రమంగా చేసిన పనిని నేను ఒక్క వారాంతంలో కలగాపులగం చేశానని అర్థమైంది.

ఆ శీతాకాలం నోటుబుక్కులో నా ఫిర్యాదులు ఒక్కో పేజీకి ఒక్కటి రాసి, ఒక్కోసారి ఒక్కటే మార్చి, వారం రోజులు తోలి చూడటం మొదలుపెట్టాను.

ఈల సులువుగా తేలింది. పై ఆర్ము ముందు కొస బిగిసేది వెనక సీటు దగ్గరి నేల రేకుకు. డిఫరెన్షియల్ పళ్ల శబ్దం ఎప్పుడూ ఉండేదే, దాన్ని ఆ కొసలోని రబ్బరు తాగేసేది. నేను రబ్బరు తీసి లోహపు కీలు పెట్టాను కాబట్టి ఆ శబ్దం నేరుగా నేల రేకులోకి, అక్కణ్నుంచి మా అమ్మాయి చెవిలోకి వెళ్లింది. కంపెనీ పై ఆర్ము తిరిగి బిగించాను, ఈల పోయింది. రేసు ట్రాక్ మీద హెల్మెట్ పెట్టుకుని తోలేవాడికి ఆ ఈల లెక్కలోది కాదు, ఆ కీలు ఇచ్చే బిగువు కావాలి. పిల్లల్ని ఎక్కించుకుని కూరగాయలకు వెళ్లే బండికి రబ్బరే సరైన భాగం. ‘కంపెనీ రబ్బరు పనికిరాదు’ అని అమ్మకందార్లు చెప్పే మాట నాకిప్పుడు వినబుద్ధి కాదు.

వానలో జారిన కారణం తెలుసుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది, కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేదీ అదే. ఒక వెనక చక్రం గుంటలో దిగినప్పుడు, లేదా మలుపులో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు, ఇరుసు వాలుతుంది. ఇరుసు వాలితే దాన్ని పట్టుకున్న ప్రతి ఆర్మూ తన పొడవు మీద కొంచెం మెలితిరగాలి, తడిబట్ట పిండినట్టు. రబ్బరు బుష్ ఆ మెలికకు చోటిస్తుంది. గట్టి ఉక్కు గొట్టానికి రెండు కొసలా గట్టి పాలీయురెథేన్ పెడితే ఆ చోటు పోతుంది. ఆర్ము మెలితిరగనంటుంది, ఇరుసు వాలనంటుంది, చివరికి టైరే పట్టు వదిలేస్తుంది. ఎండలో పొడి రోడ్డు మీద ఇది తెలియదు. వానలో తెలుస్తుంది. నేను ఆ ఆర్ములు తీసి, బాడీ వైపు పాలీయురెథేన్, ఇరుసు వైపు బంతి కీలు ఉన్న వేరే జత తెచ్చాను. ముందుకూ వెనక్కూ తోపుకు గట్టిగా నిలుస్తుంది, మెలికకు స్వేచ్ఛగా తిరుగుతుంది. గ్రీజు పెట్టడానికి నిపుల్ కూడా ఉంది. కిర్రుమనే చప్పుడు కూడా దాంతోనే ఆగింది.

ఇక రాచుకునే టైరు. తాపీమేస్త్రీల తూకం గుండు ఒకటి తెచ్చి ఫెండరు అంచు నుంచి వేలాడదీసి, టైరు పక్కదాకా స్కేలుతో కొలిచాను. ఎడమకూ కుడికీ 13 మిల్లీమీటర్ల తేడా. అంటే ఇరుసు మధ్య నుంచి ఆరేడు మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. పాన్‌హార్డ్ బార్ ఒక కొస బాడీకి, రెండో కొస ఇరుసుకు. బండి ఎత్తు మారితే ఆ కడ్డీ వాలు మారుతుంది, కడ్డీ పొడవు మారదు, కాబట్టి ఇరుసు పక్కకు జరగక తప్పదు. మా నాన్న షెడ్డుకు సెంటర్ బోల్టు తెగి వచ్చిన లారీల్లాగే. బండిని దించేవాళ్లు పొడవు సవరించుకునే పాన్‌హార్డ్ బార్ కూడా కొనాలి. అక్కడితో అయిపోదు. బాడీ దిగితే కింది ఆర్ముల ముందు కొస కూడా దిగుతుంది, ఆర్ము వాలు తగ్గుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టైరును రోడ్డుకు అదిమిపెట్టే బలం ఆ వాలులో ఉంది. వీల్ హాప్ పోకపోవడానికి కారణం అదే. దాన్ని సరిచేయడానికి ఇరుసు వైపు ఆర్మును కిందికి మార్చే బ్రాకెట్లు దొరుకుతాయి. అంటే మరో రెండు కొనుగోళ్లు.

నేను కొనలేదు. పాత స్ప్రింగులు వెతికి తీసి మళ్లీ వేశాను. టైరుకూ ఫెండరుకూ మధ్య ఖాళీ మళ్లీ కనబడింది, బండి ఫొటోలో అంత బాగుండదు. ఇరుసు నడిమధ్యకు వచ్చింది, ఆర్ముల వాలు తిరిగొచ్చింది, కొత్త ఆర్ములతో కలిసి వీల్ హాప్ పూర్తిగా పోయింది. 900 డాలర్ల ఆ కిట్‌లోని ఒక్క భాగం కూడా ఇవాళ నా బండి మీద లేదు.

మిగిలింది బిగింపు. ఇది రాయడానికే అసలు ఈ వ్యాసం మొదలుపెట్టాను. పై ఆర్ము వెనక కొస బుష్ ఇరుసు హౌసింగ్‌లోనే ఉంటుంది, అది నేను మార్చలేదు, కంపెనీ రబ్బరే. రెండోసారి విప్పినప్పుడు చూస్తే ఆ రబ్బరు చుట్టూ గోరు దూరేంత పగులు. రబ్బరు బుష్‌లో బయట ఒక గొట్టం, లోపల ఒక గొట్టం, మధ్య రబ్బరు రెండిటికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్టుకు పట్టేసి కదలకుండా ఉండిపోతుంది. ఇక మీదట ఆర్ము పైకీ కిందికీ ఆడితే తిరిగేది రబ్బరే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకు అదే తన సహజ స్థితి. బండిని కిందికి దించగానే అది మెలిపడుతుంది. ఆగి ఉన్నా, నడుస్తున్నా, రాత్రంతా గ్యారేజీలో నిద్రపోతున్నా ఆ మెలికలోనే ఉంటుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది.

ఈసారి కొత్త బుష్ వేసి, బోల్టులన్నీ చేత్తో తిప్పి వదిలేసి, వెనక చక్రాల్ని ర్యాంపుల మీదికి ఎక్కించి, బండి బరువంతా టైర్ల మీదకు వచ్చాక కిందికి దూరాను. ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి గోడకు ఆనించాను. విజయవాడలో అప్పుడు రాత్రి తొమ్మిది. మా నాన్న కళ్లజోడు సర్దుకుని చూస్తున్నారు. నేను రెంచి పట్టుకోగానే, ‘లోడు మీదుందా?’ అన్నారు. ఉంది నాన్నా అన్నాను. ‘అయితే బిగించు.’

నేను ఎప్పుడో విన్న మాటే అది. కానీ లారీ మాటనుకున్నాను. నా పెట్టెలో వచ్చిన కాగితంలో ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే చదివేవాణ్ని, పాటించేవాణ్ని. లేదు. అందుకే అడుగుతున్నాను: సస్పెన్షన్ భాగం అమ్మే ప్రతివాళ్లూ ఒక పేజీ ఇవ్వాలి. ఈ భాగం మారిస్తే ఏం మారుతుంది, దీనితో పాటు ఏది తప్పక మార్చాలి, ఏ బోల్టు ఏ ఎత్తులో బిగించాలి, ఏ వాడకానికి ఇది పనికిరాదు. జర్మనీలో సస్పెన్షన్ భాగాలకు పరీక్ష చేసిన సంస్థ ఇచ్చిన పత్రం ఉండాలి, బిగించాక తనిఖీ చేయించి బండి కాగితాల్లో ఎక్కించుకోవాలి. నేనుంటున్న మిషిగన్‌లో సొంత కార్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ అంటూ ఏదీ లేదు. నా బండి వానలో జారేలా తయారైనా అడిగే నాథుడు లేడు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. చట్టం అలా ఉన్నా షెడ్లలో ఆ పని జరుగుతూనే ఉంది, ఏ కాగితమూ లేకుండా. ఈ మూడింటిలో జర్మనీవాళ్ల పద్ధతే నాకు నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ భాగం గురించి తెలిసినవాడు కొనేవాడికి రాతపూర్వకంగా చెప్పి తీరాలి.

ఇన్ని రాస్తే ఎవరు కొంటారని ఒక దుకాణదారు నాతో వాదించారు. తెలిసి కొనేవాళ్లు కొంటారు. డ్రాగ్ రేసుకు వెళ్లేవాడికి ఆ కిట్ మొత్తం అవసరమే, వాడికి ఆ పేజీ అడ్డం కాదు. పేజీ చదివి వెనక్కి తగ్గేది నాలాంటివాడు, వాడికి ఆ కిట్ అమ్మకపోవడమే న్యాయం.

పోయిన నెల విజయవాడ నుంచి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాడి హ్యాచ్‌బ్యాక్‌కు స్ప్రింగు చుట్టు ఒకటి కోయిస్తే బండి దిగుతుందని, రెండు వేలకే చేస్తారని అన్నాడు. ‘బాబాయ్, చూడ్డానికి బాగుంటుంది కదా’ అన్నాడు. నిజమే, బాగుంటుంది. స్ప్రింగు పొట్టిదైతే గట్టిపడుతుందని, షాకప్ లోపలి రాడ్డు ఆడాల్సిన చోటు తగ్గి గుంటలో అడుగు తగులుతుందని, కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదని చెప్పాను. వాడు వింటున్నట్టే ఉన్నాడు, ఏం చేస్తాడో తెలియదు. తాతయ్య దగ్గరికి వెళ్లి ఒకసారి అడగమన్నాను.

నా నోటుబుక్కులో ఇంకో పేజీ మిగిలి ఉంది. లక్ష మైళ్లు దాటిన వెనక షాకప్స్ నీరసపడ్డాయి. గుంట దాటాక బండి రెండుసార్లు ఊగుతోంది. వాటిని ఏప్రిల్‌లో, రోడ్ల మీది ఉప్పు వానకు కొట్టుకుపోయాక మారుస్తాను. షాకప్స్ మాత్రమే.